తుంటి ఆపరేషన్ అయిన పెద్దోళ్లు ఇంట్ల మళ్ళీ పడకుండా: ఇంటోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, పరకాల దిక్కు ఇండ్లకు పోయి ఫిజియోథెరపీ చేయించుడు నా పని. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన పెద్దోళ్ల ఇంట్ల కొడుకులు, కోడండ్లు, బిడ్డలు అడిగేటియి దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒక్కకాడ రాసిపెడుతున్న. మొత్తం మీద నేను చెప్పేది ఒక్కటే: మళ్ళీ పడతరేమో అని భయపడి మంచం మీదనే ఉంచితే కాళ్లల్ల ఉన్న బలం గూడ పోయి అప్పుడు నిజంగనే పడతరు. నడిపియ్యాలె, కాని ఇల్లు సరిచేసి, పక్కన నిలబడి నడిపియ్యాలె. ఏ కాలు మీద ఎంత బరువు పెట్టాలె, ఏ గోలి ఆపాలె అన్నది మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలె, ఇది చదివి మీరు సొంతంగ మార్చొద్దు.

ఆపరేషన్ మంచిగనే అయింది అన్నరు, ఇంక పడుడు గురించి ఇంత భయమెందుకు?

రాడ్డో, బాలో (తుంటి కీలుల విరిగిన గుండ్రటి భాగం తీసి దాని జాగల పెట్టేది) వేసి ఎముకను సరిచేసిన్రు, కాని మొదటిసారి ఎందుకు పడ్డరో ఆ కారణం ఇంట్ల అట్లనే ఉన్నది. కండ్లు సరిగ కనవడకపోవుడు, బాత్రూంల చీకటి, లేవంగనే బీపీ పడిపోవుడు, కాళ్లల్ల సత్తువ లేకపోవుడు, వీటిల ఏదీ ఆపరేషన్ తోని పోలేదు. పైంగ ఇప్పుడు రక్తం తగ్గింది, నొప్పి ఉన్నది, వారం పది రోజులు పడుకునే ఉన్నరు. ఏ రోగం లేని పెద్దోళ్లను 10 రోజులు మంచం మీద ఉంచి చూసిన ఒక పరిశోధనల కాళ్ల కండనే సుమారు ఒక కిలో తగ్గింది, ఇగ ఆపరేషన్ అయినోళ్ల సంగతి మీరే ఆలోచించుర్రి. మళ్ళీ పడితే రెండో తుంటి విరగొచ్చు, లేకపోతే వేసిన రాడ్డు పక్కన ఎముక విరగొచ్చు, అది మొదటిదానికంటే కష్టమైన ఆపరేషన్.

ఎన్ని రోజులు బెడ్ రెస్ట్ ఇయ్యాలె?

చాలామందికి అసలు బెడ్ రెస్టే ఉండదు. ఆపరేషన్ తెల్లారే కూసోబెట్టి, నిలబెట్టి, వాకర్ తోని రెండడుగులు వేయించుడు ఇప్పుడు మామూలే. డిశ్చార్జ్ కాగితం మీద ఫుల్ వెయిట్ బేరింగ్ అనో, పార్షియల్ అనో, నాన్ వెయిట్ బేరింగ్ అనో రాస్తరు, ముందు అది చూడుర్రి. ఫుల్ అని ఉంటే మొత్తం బరువు పెట్టి నడవొచ్చు, పార్షియల్ అంటే కొంతవరకే, నాన్ అంటే ఆ కాలు భూమ్మీద ఆనొద్దు. రాసిలేకపోతే ఫోన్ చేసి అడుగుర్రి, ఎందుకంటే ఇది తెల్వక ఒక ఇంట్ల నడవాల్సిన మనిషిని పండుకోబెడతరు, ఇంకో ఇంట్ల నడవొద్దన్న మనిషిని నడిపిస్తరు.

మంచం మీదికెళ్లి లేవంగనే కండ్లు తిరుగుతున్నయి అంటది మా అమ్మ, నీరసమేనా?

నీరసం అని వదిలెయ్యొద్దు. పండుకున్నప్పుడు బాగనే ఉన్న బీపీ నిలబడంగనే పడిపోతది, పెద్దోళ్లల్ల ఇది చాలా ఎక్కువ. ఇంట్ల బీపీ మిషన్ ఉంటే ఒక 5 నిమిషాలు పండుకోబెట్టి చూసి రాసుకోండ్రి, తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, 3 నిమిషాలకు మళ్ళీ చూడుర్రి. పై నంబరు 20 లేదా కింది నంబరు 10 తగ్గితే ఆ కాగితం డాక్టర్ కి చూపియ్యాలె, బీపీ గోలి డోసు, వేళ ఆయన మారుస్తడు. మీరు మాత్రం గోలి ఆపొద్దు. నిలబెట్టేటప్పుడు ఒక మనిషి పట్టుకొని ఉండాలె, చూస్తుండంగనే కండ్లు తిరిగితే వెంటనే కూసోబెట్టుర్రి, ఇగ కొలిచేది లేదు.

అప్పటిదాక రోజూ చేసేది ఏందంటే, ముందు ఒక పక్కకు తిరగాలె, కాళ్లు కిందికి దించి మంచం అంచుకు కూసోవాలె, పాదాలు పైకి కిందికి ఒక ఇరవై సార్లు ఆడియ్యాలె, ఒకటి రెండు నిమిషాలు ఆగి, కండ్లు తిరుగుతలేవు అంటేనే నిలబడాలె, నిలబడినంక గూడ వెంటనే అడుగేయకుండ పది లెక్కపెట్టాలె. మన దిక్కు ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతది, బాత్రూంకి పోవాల్సి వస్తదని పెద్దోళ్లు నీళ్లు తాగుడే మానేస్తరు, అప్పుడు బీపీ ఇంకా పడతది. మజ్జిగ, నీళ్లు పగటి పూట మంచిగ తాపియ్యుర్రి, రాత్రి తగ్గియ్యుర్రి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నోళ్లకు ఎన్ని నీళ్లు అన్నది డాక్టర్ చెప్పిన లెక్కనే.

రాత్రిపూట లేస్తడు, మమ్ముల లేపడు. ఏం జెయ్యాలె?

ఇదే అన్నిటికంటే పెద్ద సమస్య. మా బాపు, మా మామయ్య, మా తాత, ఎవరిని చూసినా ఇదే తీరు, కష్టపడి పొద్దంత పనిజేసినోళ్లను అర్ధరాత్రి ఎందుకు లేపాలె అని పాపం వాళ్లే మెల్లగ లేచి గోడ పట్టుకొని పోతరు. కోప్పడితే ఇంకా దాచిపెట్టి పోతరు, అందుకే లేపుడు వాళ్లకు మొహమాటం కాకుండ చూడాలె. మంచానికి ఒక గంట కట్టుర్రి, లేకపోతే మూడు నాలుగు వందలల్ల వైర్లెస్ కాలింగ్ బెల్ దొరుకుతది, బటన్ వాళ్ల దిండు కాడ, బెల్ మీ రూంల పెట్టుర్రి. ఇంకో మార్గం ఏందంటే వాళ్లు లేపేదాక ఆగకుండ మీరే పండుకునే ముందు ఒకసారి, నడిరాత్రి అలారం పెట్టుకొని ఒకసారి తీసుకపోవుడు.

బాత్రూం దూరం ఉంటే, మన పాత ఇండ్లల్ల అయితే వాకిలి దాటి పోవాల్సిందే కదా, రాత్రి పూట మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టుర్రి. మగోళ్లకు యూరిన్ పాట్ చాలు. వాసన, సిగ్గు అని కొందరు వద్దంటరు, మొదటి రెండు నెలల కోసమే అని చెప్తే ఒప్పుకుంటరు. మంచం కాడి నుంచి బాత్రూం దాక తెల్లారే వరకు ఒక చిన్న బల్బు వెలగాలె, కరెంటు పోయినా వెలిగే రీఛార్జబుల్ బల్బు అయితే ఇంకా మంచిది. స్విచ్ చేతికి అందాలె. ఒకసారి మీరే రాత్రి లైటు బంద్ చేసి ఆ మంచం మీద పండుకొని లేచి బాత్రూం దాక నడిచి చూడుర్రి, ఫోన్ ఛార్జర్ వైరు, గడప, మడత పడ్డ పట్టా, తలుపు కాడ చెప్పులు అన్నీ ఒక్కొక్కటి మీ కాళ్లకే తగుల్తయి.

ఉబ్బుకు నీళ్ల గోలి వాడుతుంటే దాన్ని పొద్దున వేసుకోవచ్చా అని డాక్టర్ ని అడుగుర్రి, సాయంత్రం వేసుకుంటే రాత్రంత లేవాల్సి వస్తది. ఉన్నట్టుండి ఊకూకే మూత్రం వస్తుందంటే ఇన్ఫెక్షన్ ఏమో పరీక్ష చేయించాలె.

బాత్రూంల ఏమేం మార్చాలె?

ముందు లెట్రిన్. కింద కూసునే దాని మీద ఇప్పుడు కూసోవద్దు, అంత లోతుకు వంగితే కాలు మీద భారం పడతది, బాల్ మార్చినోళ్లకైతే కీలు జారిపోయే ప్రమాదం ఉన్నది. వెస్ట్రన్ కమోడ్ ఉన్నా అది తక్కువ ఎత్తు ఉంటే పైన పెట్టే ఎత్తు సీటు దొరుకుతది, కూసున్నప్పుడు మోకాళ్లు తుంటికంటే కిందనే ఉండాలె, అదే గుర్తు. వెస్ట్రన్ లేకపోతే పాత దాని మీదనే పెట్టుకునే ఇనుప కమోడ్ స్టూల్ మెడికల్ షాపుల్ల అమ్ముతరు, కాని నాలుగు కాళ్లు కదలకుండ ఆనినయా లేదా చూసి కూసోబెట్టాలె.

తర్వాత పట్టుకునే రాడ్. టవల్ రాడ్ పట్టుకొని లేవనియ్యొద్దు, అది రెండు చిన్న స్క్రూల మీద ఉంటది, మనిషి బరువుకు గోడల నుంచి ఊడొస్తది. స్టీల్ గ్రాబ్ బార్ తెచ్చి ప్లంబర్ తోని గోడకు లోతుగ బిగించుర్రి, ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసే కాడ.

స్నానం నిలబడి కాదు, చేతులున్న గట్టి కుర్చీ మీద కూసోని. చిన్న ప్లాస్టిక్ స్టూల్ వద్దు, తడి టైల్స్ మీద జరుగుతది. మన దిక్కు చాలా ఇండ్లల్ల షాబాద్ బండలే, ఎండినప్పుడు బాగనే ఉంటయి గాని సబ్బు నీళ్లు పడి నునుపెక్కినంక కాలు నిలవదు. నేను ఒక ఇంట్ల చూసిన, బాత్రూం లోపట అంతా మంచిగ చేసిన్రు, రబ్బరు మ్యాట్, రాడ్, కుర్చీ అన్నీ ఉన్నయి, కాని బయట అడుగు పెట్టేకాడ బండ మీద ఒక పాత గోనెసంచి పరిచిన్రు, అది తడిసి మడత పడి ఉన్నది, వాకర్ ముందు కాలు సరిగ్గ ఆ మడతలనే ఇరుక్కున్నది. నేను పక్కనే ఉన్న కాబట్టి పట్టుకున్న. అందుకే బయటి అడుగు గూడ చూడాలె, కింద రబ్బరు అతుక్కునే మ్యాట్ అయితేనే వెయ్యుర్రి, లేకపోతే ఉత్త బండనే నయం, తుడిచి పొడిగ పెట్టుర్రి.

లోపటి గొళ్లెం పెట్టుకోవద్దని చెప్పుర్రి. లోపట పడి తలుపుకు అడ్డం పడితే బయటోళ్లు తెరవలేరు.

వాకర్ మా పక్కింటోళ్లది తెచ్చినం, అది చాలదా?

ఎత్తు సరిపోతే చాలు. నిటారుగ నిలబెట్టి చేతులు కిందికి వదిలేస్తే వాకర్ పిడి మణికట్టు కాడికి రావాలె, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగాలె. పక్కింటి తాత పొడుగు, మీ అమ్మ పొట్టి అయితే భుజాలు లేపి నడుస్తది, బరువు చేతుల మీదికి రాదు. కాళ్లకు బటన్లు ఉంటయి, నొక్కి నాలుగూ ఒక్క తీరు పెట్టొచ్చు.

దాన్ని తిరగేసి కింది రబ్బర్లు చూడుర్రి, ఇది మాత్రం మర్చిపోవద్దు. వాడిన వాకర్లల్ల రబ్బరు ఒక పక్క అరిగి పైపు అంచు సన్నగ మెరుస్తుంటది, ఆ అంచు టైల్స్ మీద గీరుకుంటూ జారుతది. రబ్బర్లు చాలా తక్కువకే దొరుకుతయి, నాలుగూ మార్చుర్రి.

నడిచే వరుస: వాకర్ ముందుకు, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. వాకర్ ని మరీ దూరం పెట్టి దాని ఎంబడి ఉరకొద్దు. కుర్చీల నుంచి లేచేటప్పుడు వాకర్ ని పట్టి గుంజొద్దు, అది మీద పడతది, కుర్చీ చేతుల మీద ఒత్తి లేచి తర్వాత వాకర్ పట్టుకోవాలె. వాకర్ కి ఒక్కపక్క బరువు సంచి తగిలియ్యొద్దు. పక్కన నడిచే మనిషి ఆపరేషన్ అయిన దిక్కు కొంచెం ఎనక నిలబడి నడుం కాడ పట్టుకోవాలె, చెయ్యి పట్టి ముందుకు గుంజుడు, రెక్క పట్టి లేపుడు అస్సలు వద్దు.

చేతికర్ర ఏ చేతిల పట్టాలె?

ఆపరేషన్ అయిన కాలుకు ఎదురు చేతిల. కుడి తుంటి అయితే ఎడమ చెయ్యి. వాకర్ నుంచి కర్రకు ఎప్పుడు మారాలో ఫిజియో నడక చూసి చెప్తడు, నెల అయింది కదా అని మీరే మార్చొద్దు.

మా ఇల్లు మొదటి అంతస్తు, మెట్లు ఎట్ల?

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒక చెయ్యి రెయిలింగ్ మీద, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లు పెట్టి ఆగి పోవాలె. పట్టుకునే మనిషి ఎప్పుడూ కింది దిక్కే ఉండాలె, అంటే ఎక్కేటప్పుడు ఎనక, దిగేటప్పుడు ముందు. వాకర్ తోని మెట్లు ఎక్కొద్దు. ఒక పక్క గూడ రెయిలింగ్ లేని మెట్లయితే, అది పెట్టించేదాక కింది పోర్షన్ ల ఉంచుడే మంచిది.

నులక మంచం మీద పండుకుంటేనే నిద్ర పడతది అంటుంది అవ్వ.

అలవాటు నిజమే కాని నులక మంచం నడుమ కుంగి ఉంటది, ఎత్తు తక్కువ, దాంట్లకెళ్లి లేవాలంటే మొత్తం వంగాలె. గట్టి పరుపు, మోకాలి ఎత్తు మంచం కావాలె. తక్కువుంటే మంచం కాళ్ల కింద గుంత ఉన్న చెక్క దిమ్మెలు పెట్టించుర్రి, ఇటుకలు పెడితే జారుతయి. కింద కూసుని తినుడు, పీట, బాసింపట్టు, కాలు మీద కాలు వేసుకునుడు బంద్. బాల్ మార్చినోళ్లు 90 డిగ్రీలకంటే ఎక్కువ వంగొద్దు, పండుకున్నప్పుడు కాళ్ల నడుమ దిండు పెట్టాలె. ఎన్ని వారాలు అన్నది ఎటుదిక్కు కోసి ఆపరేషన్ చేసిన్రో దాన్ని బట్టి ఉంటది, అడుగుర్రి.

చెప్పులు, బట్టలు?

హవాయి చెప్పులు వద్దు, ఎనక పట్టీ ఉన్న రబ్బరు సోల్ చెప్పులు తెచ్చుర్రి, ఇంట్ల గూడ వేసుకోవాలె. టైల్స్ మీద ఉత్త సాక్సులు జారుతయి. చీర కుచ్చిళ్లు, నైటీ, పంచె అంచు చీలమండ పైనే ఉండాలె. కాళ్లకు నూనె రాస్తే అరికాళ్లు తుడిచినంకనే నిలబెట్టుర్రి.

నూనె మాలిష్ చేసేటాయన వస్తనన్నడు, కట్టు గూడ కడతడట. చేయించమంటరా?

కట్టు వద్దు. ఎముకను లోపట ఆల్రెడీ బిగించిన్రు, బయట కట్టి కాలు కదలకుండ చేస్తే కీలు బిగుసుకపోతది. పిక్క గట్టిగ పిసకొద్దు, ఆపరేషన్ తర్వాత కాలి నరాల్ల రక్తం గడ్డ కట్టొచ్చు, మాలిష్ తోని అది కదిలితే ప్రాణం మీదికొస్తది. పిక్క ఒక్కపక్కనే వాచి, వేడిగ ఉండి నొస్తుంటే వెంటనే చూపియ్యుర్రి.

ఏ గోలీల తోని పడతరు?

నిద్ర గోలీలు ముందు. ఆల్ప్రజోలం, జోల్పిడెం లాంటివి వేసుకున్నోళ్లు రాత్రి సగం నిద్రల లేచి తూలుతరు. ట్రమడాల్ లాంటి నొప్పి గోలి, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, ప్రోస్టేట్ కి ఇచ్చే టామ్సులోసిన్, జలుబుకు తెచ్చుకునే మత్తు గోలీలు, ఇవి గూడ. షుగర్ ఉన్నోళ్లు ఆపరేషన్ తర్వాత తిండి తగ్గిస్తరు కాని గోలి డోసు పాతదే ఉంటది, షుగర్ 70 కంటే కిందికి పోతే చెమటలు, వణుకు వచ్చి పడిపోతరు. ఇంట్ల ఉన్న గోలీలన్నీ, ఆయుర్వేదం అయినా, మెడికల్ షాపుల అడిగి తెచ్చుకున్నయి అయినా, ఒక సంచిల వేసి డాక్టర్ ముందట పెట్టుర్రి. ఏండ్లతరబడి వాడిన నిద్ర గోలి ఒక్కసారి ఆపొద్దు, మెల్లగ తగ్గిస్తరు. అట్లని నొప్పి గోలి మొత్తం మానేయొద్దు, నొప్పి ఉంటే నడవరు.

సాయంత్రం కాంగనే ఏదేదో మాట్లాడుతుండు, మమ్ముల గుర్తుపడతలేడు, లేచి పోతనంటుండు.

ఈ వయసుల తుంటి ఆపరేషన్ తర్వాత ఇది చాలామందికి వస్తది, పిచ్చి కాదు, గాలి సోకుడు కాదు. మూత్రంల ఇన్ఫెక్షన్, సోడియం తగ్గుడు, మలబద్ధకం, నొప్పి, మత్తు గోలి, ఏదో ఒక కారణం ఉంటది, డాక్టర్ కి అదేరోజు చెప్పాలె. మంచానికి కట్టెయ్యొద్దు, కట్టేస్తే గుంజుకొని పడతరు. తెలిసిన మనిషి పక్కన కూసోవాలె, కండ్లద్దాలు, వినికిడి మిషన్ పెట్టాలె, పగలు కిటికీ తెరిచి వెలుతురుల ఉంచాలె.

నడువు అంటే ఏడుస్తది, బలవంతం చెయ్యాల్నా?

బలవంతం వద్దు, వదిలెయ్యుడు అంతకంటే వద్దు. ఒక్కసారి పడ్డ మనిషికి ఆ చప్పుడు, ఆ నొప్పి యాదికుంటది, భయం సహజమే. నొప్పి గోలి వేసిన అరగంట, గంటకు లేపుర్రి, మంచం కాడి నుంచి కిటికీ దాక అని చిన్న దూరం చెప్పుర్రి, ఎనక కుర్చీ పట్టుకొని ఇంకో మనిషి రావాలె, ఎక్కడ అలిసిపోతే అక్కడ కూసోవచ్చు అని తెలిస్తే ధైర్యం వస్తది. రోజుకు ఒకసారి ఎక్కువ దూరం కంటే నాలుగైదు సార్లు కొంచెం కొంచెం మేలు. చుట్టాలు పరామర్శకు వచ్చి "ఈ వయసుల ఎందుకు నడిపిస్తున్నరు, పండనియ్యుర్రి" అంటరు, వాళ్లు ప్రేమతోనే అంటరు కాని ఆ మాట పేషెంట్ ముందట అననియ్యొద్దు.

ఎక్సర్సైజులు నిజంగ పనిచేస్తయా?

చేస్తయి. ఇండ్లల్ల ఉండే పెద్దోళ్ల మీద చేసిన పరిశోధనలన్నీ కలిపి 2019ల చూస్తే వ్యాయామం తోని పడుడు సుమారు 23 శాతం తగ్గింది, అదీ ఎక్కువ బ్యాలెన్స్, కాళ్ల బలం పెంచేటియి. మొదట్ల పండుకొని తొడ బిగించుడు, మడమ జరుపుకుంట మోకాలు వంచుడు, కూసోని కాలు చాపుడు. తర్వాత గట్టి కుర్చీ గోడకు ఆనిచ్చి కూసోని లేసుడు, వంటింటి గట్టు పట్టుకొని మడమలు లేపుడు, కాలు పక్కకు లేపుడు. ఫిజియో ఒక్కసారి చూపిచ్చినంక ఇంట్ల ఎవరన్నా ఒకరు ఫోన్ల వీడియో తీసుకోండ్రి. నెల రోజులకు ఆపేస్తరు చాలామంది, నెలల తరబడి చెయ్యాలె.

ఏం తినిపియ్యాలె? ఎముక సూది అంటున్నరు, అదేంది?

ఒట్టి జావ, బ్రెడ్డు మీద ఉంచొద్దు. కండ రావాలంటే ప్రోటీన్ కావాలె, రోజూ గుడ్డు, పప్పు, పెరుగు, తినేటోళ్లకు చేపలు, చికెన్. ఒక గుడ్డుల 6 గ్రాములుంటది, 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాములు కావాలె, కిడ్నీ జబ్బు ఉంటే అడిగి పెట్టుర్రి. కాల్షియానికి రాగులు, పాలు, నువ్వులు. విటమిన్ డి 60 వేల యూనిట్లది వారానికి ఒకటి కొన్ని వారాలు రాస్తరు, చెప్పిన వారాలే వాడాలె, ఎక్కువైతే మంచిదే కదా అనుకోవద్దు. 2010ల వచ్చిన ఒక పరిశోధనల 70 దాటిన ఆడోళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒక్కటేసారి ఇస్తే పడుడు తగ్గుడు కాదు, పెరిగింది.

మామూలుగ నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారినట్టే, దానికి వేరే మందు ఉంటది. మీరడిగిన ఎముక సూది ఇదే, జోలెడ్రోనిక్ ఆసిడ్ అని ఏడాదికి ఒకసారి సెలైన్ లెక్క ఎక్కిస్తరు, 2007ల వచ్చిన పరిశోధనల తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు ఇచ్చినోళ్లకు కొత్తగ ఎముకలు విరుగుడు 35 శాతం తగ్గింది. కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చూసి ఇస్తరు. వారానికో గోలి గూడ ఉన్నది. డిశ్చార్జ్ అప్పుడు ఈ మాట చాలాసార్లు ఎవరూ ఎత్తరు, మీరే అడుగుర్రి.

కండ్ల పరీక్ష గూడ అవసరమా?

అవసరం. మోతిబిందు ఉంటే గడప, నీళ్లు కనవడయి. 2018ల రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కంటి వెలుగు క్యాంపులల్ల ఇచ్చిన అద్దాలనే ఇంకా పెట్టుకునేటోళ్లు ఉన్నరు, నంబరు మారి ఉంటది. పైన దూరం, కింద దగ్గర చూపు ఉన్న అద్దాల తోని మెట్లు దిగితే అడుగు మసకగ కనవడతది, నడిచేటప్పుడు దూరపు అద్దాలు వేరే ఉంటే మంచిది.

ఇంత జేసినా పడితే?

ఎంబడే లేపొద్దు. తల తగిలిందా, ఎక్కడ నొస్తుంది అడుగుర్రి. ఒక కాలు పొట్టిగ, పాదం బయటికి తిరిగినట్టు ఉంటే, కాలు కదిలియ్యలేకపోతే, సోయి తప్పితే అట్లనే దుప్పటి కప్పి 108కి ఫోన్ చెయ్యుర్రి. రక్తం పలుచన చేసే గోలీలు వాడేటోళ్లకు తలకు దెబ్బ తగిలితే బాగనే మాట్లాడుతున్నా సరే దవాఖానకు తీసుకపోవాలె. ఏం కాకపోతే మెల్లగ కూసోబెట్టి, ఊపిరి తీసుకున్నంక, ఇద్దరు మనుషులు కుర్చీ ఆసరతోని లేపుర్రి. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి పెరిగినా ఎక్స్ రే తీయించాలె. ఎక్కడ, ఏ టైముకు, ఏం చేస్తుంటే పడ్డరో రాసిపెట్టుర్రి, డాక్టర్ కి అదే పనికొస్తది.

వాకర్, కమోడ్ కుర్చీ కొనలేని పరిస్థితి, ఏమన్నా సాయం దొరుకుతదా?

కేంద్ర ప్రభుత్వం 2017ల మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 దాటిన పేదోళ్లకు క్యాంపులు పెట్టి చేతికర్రలు, వాకర్లు ఉచితంగ ఇస్తరు. జిల్లా సంక్షేమ ఆఫీసుల అడుగుర్రి. పెద్దోళ్ల కోసం 14567 అని ఉచిత హెల్ప్ లైన్ ఉన్నది, దానికి ఫోన్ చేసినా చెప్తరు.

సద్దుల బతుకమ్మకు పోతనంటుంది అమ్మ. తీసుకపోవచ్చా?

పోనియ్యుర్రి, ఏడాదంత ఎదురుచూసిన పండుగ. కాని ఆపరేషన్ అయిన మొదటి మూడు నెలల్ల అయితే ఆడుడు వద్దు, చేతులున్న కుర్చీ తీసుకపోయి అంచుకు వేసి కూసోబెట్టుర్రి, కూసోని చప్పట్లు కొట్టి పాట పాడొచ్చు. చెరువు కట్ట కాడికి దిగనియ్యొద్దు, అక్కడ తడి మన్ను, పూలు, చీకటి అన్నీ ఉంటయి. మూడు నెలలు దాటినోళ్లకు నేను ఒక చిన్న పరీక్ష పెడత: కుర్చీల నుంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూసోవాలె. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే ఇంకా పడే ప్రమాదం ఉన్నట్టే, గుంపుల కర్ర, మనిషి రెండూ ఉండాలె. మేడారం జాతర లాంటి తొక్కిసలాట ఉండే కాడికి మాత్రం ఈ ఏడాది వద్దు అని నేను గట్టిగనే చెప్త, ఎనకకెళ్లి ఎవరన్నా నూకితే కర్ర ఆపదు, మొక్కు మీరు చెల్లించి బంగారం (అమ్మవార్ల బెల్లం) తెచ్చి చేతిల పెట్టుర్రి.